లేదు అనకూడని గది

తల కదపొద్దని చెప్పి బల్లను లోపలికి పంపారు. ఆమె కదపడం లేదు. చెవుల మీద హెడ్‌ఫోన్లు, చెంపలకు అటూ ఇటూ చిన్న దిండ్లు, ముఖం మీద పంజరంలాంటి చట్రం, చట్రానికి ఓ అద్దం, అద్దంలో తన పాదాలు, పాదాల అవతల గాజు కిటికీ, కిటికీ వెనక ఇద్దరు మనుషులు. కళ్ళజోడు చెల్లెలి దగ్గర ఉండిపోయింది కాబట్టి ముఖాలు తెలియడం లేదు. నిలబడ్డది సర్జన్ అయి ఉండాలి, కుర్చీలో ఉన్నది తొందర. తొందర కూర్చుంటే కుడి భుజం పైకి లేస్తుంది, ఆమె దగ్గర అనాటమీ చదువుకునే రోజుల్లోనూ అంతే, ఇప్పుడు చెవుల పక్కన జుట్టు నెరిసి ఈ స్కానింగ్ విభాగానికి పెద్ద అయ్యాక కూడా ఆ భుజం దిగలేదు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. తొందర అన్నది ఆమె పెట్టిన పేరు, మొదటి వారంలోనే పెట్టింది, ఆ తర్వాత అనాటమీ విభాగమంతా అదే పేరుతో పిలిచింది, చివరికి పెళ్ళి కార్డు మీద అసలు పేరు కింద దాన్నీ వేయించుకున్నాడు, లేకపోతే ఎవరి పెళ్ళో తెలియక ఎవరూ రారని.

"మేడమ్, బాగానే ఉన్నారా? మాట్లాడకండి, బంతి నొక్కండి చాలు." చేతిలో రబ్బరు బంతి ఉంది. నొక్కింది. "ఇప్పుడు నీళ్ళ స్కాన్ మొదలవుతుంది. అన్నిటికంటే పొడుగు ఇదే. బల్ల కాస్త ఊగుతుంది. దవడ కూడా కదపకండి."

దవడ కూడా. బయట హాల్లో చెల్లెలు ఆమె చెవి కమ్మలు విప్పి తన పర్సులో వేసుకుంటూ అన్న మాట అదే కదా: "నువ్వు గంటసేపు నోరు మూసుకుని పడుకోవడం నేను పుట్టాక ఇదే మొదటిసారి అక్కా. టికెట్ పెట్టినా వచ్చి చూసేదాన్ని." పక్కన కూర్చున్న ఎవరో ముసలాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. తనకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే పిన్నులు కూడా తీసిచ్చింది. చెల్లెలు వాటిని లెక్కపెట్టకుండా గుప్పిట్లో బిగించి పట్టుకుంది, ఇంకా అలాగే పట్టుకుని ఉంటుంది, దాని చేతులు అంతే, స్టీరింగ్ పట్టుకున్నా అంతే బిగింపు, డ్రైవింగ్ స్కూల్ పెట్టి ఊళ్ళో సగం మందికి బండి నేర్పిన మనిషి ఆస్పత్రి హాల్లో మాత్రం కుర్చీ అంచున కూర్చుంటుంది.

మొదలైంది. తలుపు బాదినట్టు ఒక చప్పుడు, ఆగి, సన్నగా రంపం కోసినట్టు ఇంకొకటి, బల్ల వణికింది, వణుకు వెన్నులోంచి పళ్ళదాకా వచ్చింది. ఒక దిక్కు అయింది. ఇంకో దిక్కు అడుగుతుంది. యంత్రం అడుగుతోంది ఎవరిని, తనను కాదు, తలలో ఉన్న నీళ్ళను. తలలో నీళ్ళు ఊరికే నిలబడవు, ప్రతి బొట్టూ ఎటో ఒకవైపు జరుగుతూనే ఉంటుంది, నరాల పోగుల వెంట జరగడం తేలిక, పోగులకు అడ్డంపడి జరగడం కష్టం, కాబట్టి ఇటు ఎంత జరిగావు, అటు ఎంత జరిగావు అని అన్ని దిక్కుల నుంచీ అడుగుతూ పోతే ఎక్కడ పోగులు ఎటు పరుచుకుని ఉన్నాయో గీయొచ్చు. తొందర ఈ సంగతి మొదట చెప్పినప్పుడు ఆమె ఎంత వెటకారం చేసింది. నీళ్ళను అడిగి ఊరి పటం గీస్తావా, రేపు గాలిని అడిగి ఇల్లు కడతావేమో అంది. అతను కొన్నాళ్ళు కనబడలేదు. తర్వాత ఒక రోజు ఆమె టేబుల్ మీద, ఆమె తన చేత్తో ఒలిచి పెట్టిన మెదడు పక్కన, కాగితం మీద అచ్చువేసిన బొమ్మ పెట్టి నిలబడ్డాడు. బతికున్న మనిషి తల, అతని సొంత తల. అడ్డంగా పోయే దారులు ఎరుపు, ముందు నుంచి వెనక్కి పోయేవి పచ్చ, పైనుంచి కిందికి దిగేవి నీలం. ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఒకసారి బొమ్మనూ ఒకసారి మెదడునూ చూస్తూ ఎంతసేపు ఉందో. తను చలిలో ముక్కు కారుతూ ఏళ్ళ తరబడి ఒలిచింది అక్కడుంది. ఒక్క పోగు తెంపకుండా, మనిషిని కోయకుండా, అతను లేచి ఇంటికెళ్ళి భోంచేశాడు కూడా. ఆ రోజు ఆమె అన్నది ఒక్కటే, నీళ్ళకు ఇంత తెలుసా అని.

ఆమె పద్ధతిలో నీళ్ళు వేరే పని చేసేవి. దానమిచ్చిన మెదడును మందులో ఊరబెట్టి గట్టిపడ్డాక, కడిగి, గడ్డకట్టే పెట్టెలో పెట్టాలి. పోగుల మధ్య తడి మంచుగా మారి ఉబ్బి వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తుంది. బయటికి తీసి కరగనిచ్చి, చెక్క పుల్ల మొద్దు అంచుతో పైనున్న బూడిదరంగు పొరను గీకి, తెల్లటి పోగులను అవి పోయే వైపుకే లాగాలి, అడ్డంగా లాగితే తెగుతాయి. కత్తి పనికిరాదు. కత్తి ఎటు చెబితే అటు కోస్తుంది, పుల్ల అయితే పోగు ఎటు పోతుందో అటే పోతుంది. విభాగంలో ఆ పెట్టె ఉందని తెలిసిన రోజు నుంచి చెల్లెలు ఆమె గదిలో మంచినీళ్ళు కూడా ముట్టదు. తాళం వేసి ఉంటుందే, వేరే గదిలో ఉంటుందే అన్నా వినదు. "నీ గదిలో ఏ ఫ్రిజ్ తలుపు తీసినా నాకు ఎవరో పలకరిస్తారేమోనని భయం," అంటుంది.

ఎవరూ పలకరించరు. అదే కదా. ఒక్కో దారినీ ఒలుస్తూ ఆమె అనుకునేది, ఇందులోంచి ఏ మాటలు పోయి ఉంటాయి, ఎవర్ని తిట్టి ఉంటుంది ఈ మనిషి, ఎవర్ని బుజ్జగించి ఉంటుంది, ఫోనులో ఎన్నిసార్లు ఆ, ఊ అని ఉంటుంది. చెవి వెనక నుంచి పైకి లేచి, వంపు తిరిగి, కణత వైపు ముందుకు దిగే ఆ దారి. విన్నదాన్ని నోటిదాకా మోసుకుపోయే దారి. ఎన్ని తలల్లో ఒలిచినా ఒకటి సన్నం, ఒకటి లావు, ఒకటి కాస్త కిందికి, అంతే తప్ప పుల్ల కింద నుంచి అది లేచి వస్తుంటే ఆమె ఊపిరి బిగబట్టని రోజు లేదు. వేళ్ళకు అలవాటైంది, కళ్ళకు కాలేదు. కానీ ఒలిచినవన్నీ చనిపోయిన దారులే. అచ్చువేసిన కాగితం మీద తప్ప మాట్లాడుతున్న దారిని ఆమె ఎన్నడూ చూడలేదు. ఇవాళ చూడబోతోంది, తనదే, చూడాలని ఎవరు కోరుకుంటారు ఇలా.

ఆ దారి. ఆ దారి అనే అంటోంది ఇప్పుడంతా. దానికి పేరుంది, పుస్తకాల్లో పొడుగుపేరు, తన గదిలో పొట్టిపేరు, విద్యార్థులందరూ పొట్టిపేరే వాడతారు. లోపల అనుకోవచ్చు, అనుకుంటోంది, విల్లు, విల్లు, వస్తోంది. పైకి అనడం లేదు. తరగతిలో ఆ రోజు పుల్ల చివర దాని మీదే ఉంది. ఇదిగో దీన్ని మనం, అంది. మనం ఏమంటామో రాలేదు. మాట ఉన్న చోటు తెలుస్తోంది, గదిలో చీకట్లో కుర్చీ ఉందని తెలిసినట్టు, చెయ్యి చాస్తే తగలడం లేదు. నోరు తెరుచుకుని ఉంది. ముందు వరసలో అమ్మాయి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. తర్వాత కుడి చెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలైంది, పుల్ల కింద పడింది, ఎవరో కుర్చీ లాగారు. కాసేపటికి అన్నీ తిరిగి వచ్చాయి. ఏం మాట పోయిందని డాక్టర్లు అడిగారు, చెల్లెలు అడిగింది, గుర్తులేదు అని అబద్ధం చెప్పింది. అప్పటి నుంచి ఆ ఒక్క మాట పైకి అనలేదు. అంటే వస్తుందేమో. రాకపోతే? మనసులో ఉన్నంతసేపు అది ఉన్నట్టే.

దురద. ముక్కు పక్కన, కుడివైపు. గోకకూడదు. కదిలితే బొమ్మ చెదురుతుంది, చెదిరితే మళ్ళీ మొదటి నుంచి. దురదను చూస్తూ ఉండాలి, ఎదురింటి వాళ్ళ గొడవ చూసినట్టు. చెల్లెలికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. తోటివాళ్ళంతా వాగుతుంటే అది వేలు చూపించి ఊరుకునేది. ఇంట్లో అందరూ దిగులుపడుతుంటే తను స్కూలు నుంచి రాగానే దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తలుపు అను, తలుపు. గిన్నె అను, గిన్నె. అది నోటివంక చూసేది. చూసి చూసి ఒక సాయంత్రం "లుపు" అంది. తను ఇల్లంతా పరుగెత్తింది. అప్పుడు ఏం తెలుసు, చెవి నుంచి నోటికి ఒక దారి ఉంటుందనీ, అది పిల్లల్లో మెల్లగా కొవ్వు పొర కట్టుకుని తెల్లబడుతుందనీ, మాట విన్న ప్రతిసారీ, తిరిగి అన్న ప్రతిసారీ అది గట్టిపడుతుందనీ. ఏమీ తెలియకుండానే చెల్లెలి తలలో దారి వేసే పనికి కూలీగా కుదిరింది. ఆ తర్వాత అది ఆగలేదు, ఇప్పటిదాకా ఆగలేదు. ఇప్పుడు తిరగబడింది వ్యవహారం. కారులో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా చెల్లెలు రోడ్డు వంక చూస్తూనే "క్లచ్ అను" అంటుంది. "క్లచ్." "రివర్స్ గేరు." "రివర్స్ గేరు." "మా చెల్లెలు బంగారం." "మా చెల్లెలు నస." "ఆ, తల బాగానే పనిచేస్తోంది," అని బండి ముందుకు పోనిస్తుంది. నవ్వుతుంది కానీ మెడ దగ్గర నరం కొట్టుకుంటూ ఉంటుంది, తను చూస్తూ ఉంటుంది.

తలలో గడ్డ నిమ్మకాయంత ఉంది. ఎడమవైపు, ఆ దారి వంపు తిరిగే చోటే. సర్జన్ ఎక్కువ మాట్లాడడు, వేళ్ళు టేబుల్ మీద ఆనించి నిలబడి చెబుతాడు, అందుకే ఆమెకు నచ్చాడు. గడ్డ నెమ్మదిగా పెరిగే రకం, తీసేస్తే చాలా ఏళ్ళు ఉంటారు అన్నాడు. దారి పక్కకు జరిగి ఉంటే తీస్తాను, మిమ్మల్ని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ తీస్తాను. దారిని గడ్డ తినేసి ఉన్నా, దారి దాని మధ్యలోంచి పోతున్నా చెయ్యి పెట్టను. మీరు బతికి ఉండి మాట లేకపోతే నన్ను క్షమిస్తారా అని అడిగాడు. తను ఆలోచించి, క్షమించను, కానీ ఆ సంగతి మీకు చెప్పలేను కదా అంది. ఆయన మొదటిసారి నవ్వాడు. చెల్లెలు నవ్వలేదు.

చప్పుడు మారింది. తుమ్మెద అద్దానికి కొట్టుకున్నట్టు. తొందర కట్టిన చప్పుడే ఇది, ఈ దిక్కుల వరసను అతనే రాశాడు, తన తల మీదే ముందు చూసుకున్నాడు, ఒక మెదడులో దారులు దారుల్ని దాటే చోట్ల కూడా తప్పిపోకుండా ఉండాలని. దారులు దాటే చోటు. అక్కడే కదా అతను మొదటిసారి తెంపింది. కొత్తగా వచ్చిన రోజులు, మిగతావాళ్ళు పైపొర గీకుతుండగానే అతను లోతుకు దిగిపోయాడు, పుల్ల ఇలా తిప్పి అలా లాగి, తలెత్తి, ఇక్కడ ఏమీ లేదు మేడమ్ అన్నాడు. ఆమె వచ్చి చూసింది. పోగుల చివర్లు చిరిగిన గుడ్డ అంచులా నిలబడి ఉన్నాయి. ఆమె గదిలో ఒక కట్టుబాటు ఉంది, తన గురువు గదిలో ఉన్నదే, లేదు అనే మాట అక్కడ ఎవరూ అనకూడదు. ఎందుకని అడిగాడు. లేదు అంటే మెదడు సంగతి చెబుతున్నావు, అంది, అంత నీకు తెలియదు, నాకూ తెలియదు. నాకు దొరకలేదు అను. అది నీ సంగతి, అది నీకు తెలుసు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది, పోగు పోయిన చోట తవ్వకూడదు, తవ్వితే ఇంకా పాడవుతుంది. లేచి, మెదడును తిప్పుకుని, అవతలి కొస నుంచి రావాలి. ఆ రోజు సాయంత్రం అందరూ పోయాక అతను అవతలి కొస నుంచి మొదలుపెట్టి చిరిగిన అంచుదాకా వచ్చి ఆగాడు. రెండు కొసలూ ఎదురెదురుగా. మధ్యలో అతను తెంపిన అంగుళం కూడా లేని ఖాళీ. ఎంత బాగుందో చూశారా మేడమ్ అన్నాడు, తన తప్పునే చూపిస్తూ. అప్పుడు అనుకుంది ఆమె, వీడు ఉంటాడు ఈ పనిలో అని.

నిశ్శబ్దం. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో చెవులు గుయ్యిమంటున్నాయి. చెవిలో అతని గొంతు వస్తుందనుకుంది. రాలేదు. అద్దంలో పాదాలు, కిటికీ, నిలబడ్డ మనిషి వంగాడు, కూర్చున్న మనిషి భుజం ఇంకా పైకి లేచింది. వాళ్ళు ఏదో చూస్తున్నారు. తనకంటే ముందు తన తలను చూస్తున్నారు. బంతి నొక్కుదామా అనుకుంది, నొక్కలేదు. విల్లు, అనుకుంది లోపల. ఉంది. విల్లు.

బల్ల బయటికి వచ్చింది, చట్రం తీశారు, దిండ్ల అచ్చు చెంపల మీద ఉందని చెల్లెలు వేలితో రుద్దింది. కళ్ళజోడు అది తన నెత్తి మీద పెట్టుకుని ఉంది, దాని సొంత కళ్ళజోడు ముక్కు మీద, అక్కది పైన. "రెండూ పెట్టుకుంటే రెండింతలు కనబడుతుందా?" అని ఆమె అడిగితే, "నువ్వు ముందు నడువు," అంది. కిటికీ అవతలి గదిలోకి వెళ్ళారు. మామూలుగా రోగిని రానివ్వరు. ఆమెను వద్దనే ధైర్యం ఎవరికీ లేదు.

తెర మీద ఆమె తల. కుడివైపు దారులన్నీ వాటి రంగుల్లో, నేల నుంచి లేచిన నీటి బుగ్గలా పైకీ పక్కలకీ విచ్చుకుని ఉన్నాయి. ఎవరి తల అయితేనేం, ఒక్క క్షణం ఆమె అన్నీ మర్చిపోయి చూసింది. తర్వాత ఎడమవైపు చూసింది. చెవి వెనక నుంచి పచ్చ పోగుల కట్ట పైకి లేచి, వంపు మొదలుపెట్టి, గడ్డ అంచు దగ్గర ఆగిపోయింది. కత్తిరించినట్టు. అవతల ఏమీ లేదు. ఖాళీగా నలుపు.

సర్జన్ వేలు తెరకు తగలకుండా ఆ అంచు మీద నిలిపాడు. మెల్లగానే అన్నాడు: "ఇక్కడి నుంచి లేనట్టుంది."

చెల్లెలు పిన్నులున్న గుప్పిట ఇంకా బిగించింది. ఆమెకు నాలుక చివరిదాకా వచ్చింది, ఇరవై మంది విద్యార్థులకు కోపంగా చెప్పిన మాట. అనలేదు. తను అంటే అది రోగి ఆశ అవుతుంది. కుర్చీలో ఉన్న మనిషి వీపు వంక చూసింది. అతను తెర వైపు చూస్తున్నాడు, మౌస్ మీద చెయ్యి కదలడం లేదు. ఇంత నెమ్మదిగా అతన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

"లేదు అనకండి సార్," అన్నాడు తొందర, వెనక్కి తిరగకుండా. "నాకు దొరకలేదు."

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది.

గడ్డ చుట్టూ వాపు ఉందని అతను సర్జన్‌కు చెబుతున్నాడు, వాపులో నీళ్ళు ఏ దిక్కు పడితే ఆ దిక్కు పోతాయి, యంత్రానికి అక్కడ దారి తెలియదు, తెలియనిచోట గీత ఆపేయమని రాసింది తనే, ఆపేసింది, దాని తప్పు లేదు. చెబుతూనే గీసినదంతా చెరిపేశాడు. వాపు నీళ్ళను లెక్కలోంచి తీసేయాలి అన్నాడు. తర్వాత తల బొమ్మను పట్టుకుని తిప్పాడు, తెర మీద ఆమె ముఖం అటు తిరిగిపోయింది, కణత ఇటు వచ్చింది. అవతలి కొస నుంచి. ఆమెకు చేతివేళ్ళలో చెక్క పుల్ల తగిలినట్టయింది. కణత లోపల చిన్న గుండ్రం గీశాడు, నొక్కాడు, వేచి చూశారు, యంత్రం ఆలోచించింది, సర్జన్ ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారాడు, ఎవరో తలుపు తోసి లోపలున్నవాళ్ళను చూసి మళ్ళీ మూశారు.

మొదట రెండు మూడు గీతలు. తర్వాత ఇంకొన్ని. కణత దగ్గర నుంచి వెనక్కి వస్తూ, అవి రావలసిన చోటుకు రాలేదు. అక్కడ గడ్డ ఉంది. గడ్డకు ముందే కిందికి వంగాయి, సన్నబడి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఇరుకు సందులో సంచులతో మనుషులు పక్కకు తిరిగి నడిచినట్టు, గడ్డ పొట్ట కింద నుంచి దూరి, అవతల మళ్ళీ లేచి, చెవి వెనక ఆగిపోయిన ఆ పచ్చ కట్టను వచ్చి అందుకున్నాయి. ఖాళీ లేదు. ఎక్కడా తెగలేదు.

గడ్డ ఎప్పుడు మొదలైందో, ఎన్నేళ్ళు నెట్టిందో, నెట్టినప్పుడల్లా ఆ దారి పక్కకు జరిగింది, ఎవరికీ చెప్పకుండా, తనకు కూడా చెప్పకుండా. జరుగుతూనే ఆమె చేత తరగతులు చెప్పించింది, చెల్లెలితో దెబ్బలాడించింది, ఫోనులో ఆ, ఊ అనిపించింది. మోస్తున్నదాన్ని దించకుండా ఇల్లు మారింది. ఇన్నాళ్ళలో జారవిడిచింది ఒక్క మాట. అది కూడా తిరిగి తెచ్చిచ్చింది, ఆమె తీసుకోలేదు. చనిపోయినవాళ్ళలో ఎంత ఒలిచినా ఇది తెలిసేది కాదు. పక్కకు జరగగలదని ఎవరు చెప్పారు దానికి.

సర్జన్ చాలాసేపు చూశాడు. పైనుంచి చూపించమన్నాడు, పక్క నుంచి చూపించమన్నాడు. వేలితో గాల్లో ఒక గీత గీసుకుని, మళ్ళీ గీసుకుని, "పైనుంచి వస్తాను," అన్నాడు. "కింద ముట్టుకోను. అక్కడికి వచ్చేసరికి మీరు మాట్లాడుతూ ఉండాలి."

"దాని గురించి మీరు బెంగపెట్టుకోకండి డాక్టర్ గారూ," అంది చెల్లెలు. నెత్తి మీది కళ్ళజోడు తీసి అక్క ముక్కు మీద తనే పెట్టింది, వంకరగా. అప్పుడు గానీ తెలియలేదు ఆమెకు, ఇంతసేపూ కళ్ళజోడు లేకుండానే చూసిందని. తెర మీద పోగులు ఒక్కొక్కటీ విడివిడిగా వచ్చాయి. సన్నటిదీ ఉంది, చివరి అంచున ఒంటరిగా.

చెల్లెలు తెర దగ్గరికి వంగింది. ఎరుపు, పచ్చ, నీలం చూసింది, సిగ్నల్ లైట్లలో నీలం ఎక్కడిదని అడగబోయి ఊరుకుంది. గడ్డ కింద నుంచి పోయే ఆ వంపును పిన్నులున్న గుప్పిటతోనే చూపించింది. "ఇదేనా? దీని కోసమేనా ఇంత గొడవ? ఏమంటారక్కా దీన్ని?"

తొందర భుజం కదిలింది. అతను వెనక్కి తిరిగి ఆమె ముఖం వంక చూశాడు. ఆ దారి, ఆ దారి అని ఆమె ఇన్ని వారాలుగా అంటుంటే ఈ ఒక్కడు విన్నాడు కాబోలు, ఎందుకో అడగలేదు. ఇప్పుడూ అందించడం లేదు. వేచి ఉన్నాడు.

నోరు తెరిచింది. గదిలో చీకటి, ఎక్కడో కుర్చీ. చెయ్యి చాచింది. తెర మీద పచ్చ గీత ఒక కొస నుంచి ఇంకో కొసకు వంగి ఉంది, అది ఇప్పుడు కూడా, ఈ క్షణంలో, ఆమె చూస్తుండగానే తన పని తను చేస్తోంది.

"విల్లు," అంది.

"విల్లు," అంది చెల్లెలు.